మధుర ఆల్బం (1837), కంపెనీ బొమ్మలు, కులపురాణ పటాలు: వృత్తుల చిత్రాలను ఎలా చూడాలి, ఎలా కాపాడాలి

నూలుపోగు

1837 నాటి మధుర (తమిళనాడులోని మధురై) ఆల్బంలోని 72 కులాల బొమ్మలకు తెలుగులో వివరణలు రాసే పని మొదలుపెడుతున్నాం. తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికన్ మిషనరీలు మధురలో నడిపిన ఇంగ్లీషు బడిలో రాత నేర్పే భారతీయ పంతులు దీన్ని కూర్చాడు. డేనియల్ పూర్ అనే మిషనరీ దాన్ని విలియం ట్వైనింగ్ అనే మతాచార్యుడికి కానుకగా ఇచ్చాడు. ఇప్పుడది యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది, స్కాన్లు నెట్‌లో ఉచితం. బొమ్మలన్నీ అభ్రకం (మైకా) రేకుల మీద వేసినవి. ప్రతి బొమ్మకూ ఇంగ్లీషులోనూ తమిళంలోనూ పేరుంది. ముఖపత్రం మీద ఆ రెండింటితో పాటు తెలుగు కూడా ఉంది.

రెండు సందేహాలు. వివరణలో కులం పేరు, వృత్తి తప్ప ఇంకేం రాయాలి? ఇంకోటి, ఇదే తరహా విడి రేకులు పన్నెండు మా జాబితాలోకి వస్తున్నాయి. పాత అట్టలకు అతికించి ఉన్నాయి, రెండింటిలో రంగు పెచ్చులు లేస్తోంది. అట్టల నుంచి విడదీసి స్కానర్ మీద పెడదామని ఆలోచన.

అభ్రకం_రేకు

ముందు రెండో సందేహం, అది అర్జెంటు. విడదీయకండి. స్కానర్ మీద అసలే పెట్టకండి.

కాగితం, గుడ్డ రంగును కొంత పీల్చుకుంటాయి. అభ్రకం చుక్క కూడా పీల్చదు. తుమ్మబంక కలిపిన నీటిరంగు ఆ నున్నటి రేకు మీద పైపైన పట్టుకుని ఉంటుంది, అంతే. గాలిలో తేమ పెరిగితే బంక ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రేకు మాత్రం కదలదు. ఏటా వానాకాలం, ఎండాకాలం ఈ లాగులాట జరిగి రంగు పెంకులుగా లేస్తుంది. మందంగా పూసిన చోటే ముందు పోతుంది. తలపాగా తెలుపు, చీర అంచు, నగల చుక్కలు అందుకే ముందు రాలతాయి, పల్చగా పూసిన ఒంటి రంగు నిలుస్తుంది. స్కానర్ అద్దానికి బోర్లిస్తే లేచిన పెంకులు అద్దానికే అంటుకుని వచ్చేస్తాయి.

రెండో బలహీనత రేకుది. అభ్రకం పొరలు పొరలుగా విడిపోయే ఖనిజం. అట్ట నుంచి లాగితే జిగురు దగ్గర ఊడదు, రేకు మధ్యలో చీలుతుంది, సగం పొర అట్టకే ఉండిపోతుంది. పాత అట్ట పుల్లబారి పసుపెక్కినా సరే, ఊడదీయడం కన్సర్వేటర్ (పాత కళావస్తువులను బాగుచేసే నిపుణుడు) పని.

ఇప్పటికి చేయాల్సింది: రంగు పైకి ఉండేలా, కదలకుండా, ఒక్కోటి విడిగా పెట్టండి. ఆమ్లం లేని మందపాటి అట్టలో రేకు కన్నా కాస్త పెద్ద గుంట కోసి, అందులో రేకును అట్టతో సహా కూర్చోబెట్టి, పైన కిటికీ అట్ట వేయండి. పైమూత రంగును తాకకుండా కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. ఒకరోజు 40, మరునాడు 70 అయిందంటే దానికంటే హాని లేదు. ప్రదర్శనకు పెడితే వెలుగు 50 లక్స్ దాటొద్దు.

తడిగుడ్డ, బ్రష్షు, ఊదడం వద్దు. తుమ్మబంక నీళ్లలో కరుగుతుంది. కాస్త దుమ్ము తుడుద్దామన్నా ముఖం మొత్తం పోవచ్చు.

వెలుగునీడ

ఫొటో విషయం నేను చెబుతాను. కెమెరాను స్టాండుకు బిగించి పైనుంచి కిందికి పెట్టండి. ప్రతి రేకుకు మూడు ఫొటోలు. మొదటిది మామూలు వెలుగులో, రెండు పక్కలా 45 డిగ్రీల్లో దీపాలు, దీపాలకూ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు. అవి లేకపోతే అభ్రకం మెరుపు బొమ్మను మింగేస్తుంది. రెండోది ఒకే దీపం, దాదాపు బల్ల మట్టానికి, పక్కనుంచి. లేచిన పెంకు ప్రతిదానికీ నీడ పడుతుంది, ఎక్కడ ప్రమాదమో అప్పుడు పటంలా కనిపిస్తుంది. రంగు రేకుకు ముందువైపు ఉందా వెనకవైపు ఉందా అన్నది కూడా ఈ వెలుగులోనే తేలుతుంది. మూడోది అట్టకు అతికించని రేకులకు మాత్రమే: కింద లైట్‌ప్యాడ్ పెట్టి, రేకుకూ ప్యాడ్‌కూ మధ్య ఖాళీ ఉంచి తీయాలి. రంగు రాలిన చోట్లన్నీ వెలుగు చుక్కల్లా బయటపడతాయి.

పక్కన కొలబద్ద, రంగుల పట్టీ పెట్టడం మరిచిపోవద్దు. ఏడాది తర్వాత అదే కొలతలో మళ్లీ తీసి పోల్చుకుంటే రాలుడు ఆగిందో లేదో తెలుస్తుంది.

కావేరి_ఒడ్డు

మొదటి సందేహానికి వస్తే, ముందు ఈ బొమ్మలు ఎవరి కోసం పుట్టాయో వివరణలోకి రావాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు మన దేశపు మనుషులు, వేషాలు, వృత్తులు, పండగలు బొమ్మలుగా కొనడం మొదలుపెట్టారు. కొలువుల ఆదరణ తగ్గిన చిత్రకారులు ఈ కొత్త బేరానికి తగ్గట్టు తమ పద్ధతి మార్చుకున్నారు. తంజావూరులో కాగితం మీద భార్యాభర్తల జంటలు, తిరుచ్చిలో అభ్రకం రేకులు, ముర్షిదాబాదు, పాట్నా, కాశీల్లో వాళ్ల వాళ్ల తీరు. పాట్నా చిత్రకారుల్లో సేవక్ రామ్, శివ లాల్ పేర్లు మనకు తెలుసు. తంజావూరు, మధుర బొమ్మల మీద సంతకాలు దాదాపు కనబడవు.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. తంజావూరు, తిరుచ్చి, మధురల్లో ఈ కుంచె పట్టినవాళ్లలో తెలుగు మాట్లాడే రాజు, నాయుడు కులాలవాళ్లు ఎక్కువ. విజయనగరం కూలాక, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వెళ్లిన కుటుంబాలవి. బంగారు రేకు తంజావూరు పటాలు వేసిందీ వాళ్లే. అందుకే మధుర ఆల్బం ముఖపత్రం మీద తెలుగు కనిపించడం వింతేమీ కాదు. ఆ ఊళ్లో నాయకుల పాలన పోయి వంద ఏళ్లు దాటినా తెలుగు చదివేవాళ్లు ఉన్నారు.

ఒక పొరపాటు చాలా చోట్ల కనిపిస్తోంది: "ఈ రేకులు మన గూడూరు అభ్రకమే" అని. నెల్లూరు జిల్లా గనుల తవ్వకం పుంజుకున్నది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. ఆల్బం 1837ది. ఆ వాక్యం వివరణల్లో రాయకండి.

పనిముట్టు

నా సలహా: ప్రతి వివరణా కులం పేరుతో మొదలవకూడదు, బొమ్మలో కనిపించేదానితో మొదలవాలి. చేతిలో ఏముంది, నడుముకు ఏముంది, పక్కన ఏముంది. పేరు తర్వాత రాసుకోవచ్చు. పేర్లు మారతాయి, తప్పుగా రాస్తారు, ఇంగ్లీషు రాసిన మనిషి ఒకటి విని ఇంకోటి రాస్తాడు. పనిముట్టు మాత్రం చిత్రకారుడు కళ్లతో చూసి గీసినది.

కల్లుగీత మనిషి దగ్గర మోకు (నడుముకూ చెట్టుకూ కలిపి తిప్పే తాడు), ముస్తాదు (కత్తులు పెట్టుకునే నడుముకట్టు), కాళ్లకు బందం, గీతకత్తి, లొట్టి (కల్లు కుండ) చూడండి. అవి ఉంటే పేరు ఏం రాసినా ఆయన చెట్టెక్కే మనిషే. కంసాలికి కుంపటి, ఊదుగొట్టం, చిన్న తక్కెడ, తూకానికి గురిగింజలు. కమ్మరికి కొలిమి, తిత్తి (గాలి ఊదే తోలుసంచి), దాకలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె), పట్టకారు. ఈ ఇద్దరినీ కలిపేసిన వివరణలు బోలెడు, నిప్పు కనబడగానే "కమ్మరి" అని రాసేస్తారు. సుత్తె బరువు చూడండి, తిత్తి ఉందా గొట్టం ఉందా చూడండి, తేలిపోతుంది. చెప్పులు కుట్టే మనిషికి ఆరె (తోలు కుట్టే సూది), రంపె (తోలు కోసే కత్తి). దూదేకుల వారికి విల్లు. విల్లు చూసి వేటగాడని రాసేవాళ్లు ఉన్నారు, కానీ దూది ఏకే వింటికి బాణం ఉండదు, కొయ్య గూటంతో నారిని కొడతారు. కుమ్మరికి సారె (కుండలు చేసే చక్రం)తో పాటు సలప (కుండను చరిచే చెక్క), లోపల ఆనించే రాయి గమనించండి. సారె మీద కుండ పూర్తి కాదు, సలపతో చరిచి గుండ్రం తేవాలి. బొమ్మలో సలప ఉందంటే గీసినవాడికి పని తెలుసన్నమాట.

తర్వాత బట్ట: పంచె మోకాలి పైకా కిందికా, చీర కుచ్చిళ్లు ఎటు, రవిక ఉందా లేదా. తర్వాత నగలు, బొట్టు, నామం. చివర్లో ఆల్బంలో రాసిన పేరు, ఉన్నది ఉన్నట్టు.

కావేరి_ఒడ్డు

పనిముట్టు గారి పద్ధతితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. "చిత్రకారుడు కళ్లతో చూసి గీసినది" అన్నది అన్నివేళలా నిజం కాదు. ఇవి సెట్లుగా అమ్ముడయ్యేవి. ఒకసారి గీత కుదిరాక దాన్ని సూదితో పొడిచి, బొగ్గుపొడి అద్ది పదిచోట్లకు దించుకోవడం చిత్రకారుల పాత అలవాటు. అభ్రకంలో అయితే ఆ కష్టం కూడా లేదు, రేకు కింద మాదిరి పెట్టుకుని పైన గీసుకోవచ్చు. అందుకే ఒకే నిలబాటు, ఒకే ముఖం, తలపాగా మార్చి పది కులాలకు వాడటం కనిపిస్తుంది. కొన్ని సెట్లలో ఇది ఆటగానే మారింది: కింద కార్డు మీద ఒక తల, పైన ముఖం చోటు ఖాళీగా వదిలిన రేకులు. ఏ రేకు పెడితే ఆ వేషం.

కాబట్టి రెండు బొమ్మల్లో ఒకే పనిముట్టు ఒకే కోణంలో కనబడితే దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కించకండి. కుడి ఎడమలు తిరగేసి వేసిన బొమ్మలూ ఉంటాయి. మనిషి ఎడమచేత్తో పని చేస్తున్నట్టు కనిపిస్తే, మాదిరిని తిరగేశారేమో అని ముందు అనుమానించాలి.

జంటల విషయం కూడా అంతే. ప్రతి కులానికీ ఒక భర్త, ఒక భార్య, ఉతికిన బట్టలు, ఇద్దరూ సమానమైన ఎత్తు, వెనక ఏమీ లేని నేల. రేవు లేకుండా చాకలి, పొలం లేకుండా పాలేరు. మనిషిని ఊరి నుంచి కోసి విడిగా నిలబెట్టారు. కొన్నవాడికి కావలసింది మాదిరి మనిషి, అందుకే ఆకలి, అప్పు, వెట్టి బొమ్మలో రావు. ఈ ముక్క ప్రతి వివరణలో కాకపోయినా పీఠికలో గట్టిగా రాయాలి. ఈ చూపే తర్వాత ఫొటోల్లోకి వెళ్లింది. 1868 నుంచి 1875 వరకు లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా అచ్చయిన ఫొటోల పుస్తకం, జనాభా లెక్కల కులాల పట్టికలు ఇదే దారిలో నడిచాయి.

పటంకథ

ఇక్కడ ఒక పోలిక పెట్టుకోకపోతే పీఠిక ఒంటికాలి మీద నిలబడుతుంది. కులాలను బొమ్మల్లో చూపే సంప్రదాయం కంపెనీ వాళ్లకు ముందునుంచే మనకు ఉంది, చూసే తీరే వేరు. తెలంగాణలోని చేర్యాల నకాశీ (అక్కడి చిత్రకారుల కులం) పటాలు ఇందుకు ఉదాహరణ. పటాన్ని గీసేది నకాశీలు, కథ చెప్పేది ఆశ్రిత కులాలవాళ్లు, వినేది ఆ కులమే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వారు చెబుతారు. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగల వారు. మాదిగలకు జాంబ పురాణం డక్కలి వారు. గౌడులకు గౌడ పురాణం గౌడజెట్టీలు. యాదవులకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చుల వారు పటం బదులు బొమ్మలు వాడతారు.

మధుర ఆల్బంలో నేతగాడు ఒక మనిషి. పటంలో ఆయన భావనారుషి సంతానం, దేవతలకు బట్ట నేసిన వంశం. జాంబ పురాణంలో ఆది జాంబవుడు సృష్టికంటే ముందే పుట్టినవాడు. ఆల్బంలో అదే వృత్తివారు ఏ పుటల్లో ఉన్నారో చూసి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. కులం తన గురించి తాను ఏం చెప్పుకుందో పటంలో ఉంది. బయటివాడు ఏం చూడదలచుకున్నాడో ఆల్బంలో ఉంది.

సుద్దమట్టి

పటంకథ గారు చెప్పినదానికి పని వివరం జోడిస్తా, ఎందుకంటే పటాల నిర్వహణ రేకులకు పూర్తిగా భిన్నం.

ముతక ఖద్దరు గుడ్డ, మూడడుగుల లోపు వెడల్పు. పొడవు కథను బట్టి, నలభై అడుగుల దాకా. బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి పూస్తారు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, జిగురు వచ్చేదాకా ఉడికించాలి. మూడు పూతలు, ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఒకే మందపు పూత వేస్తే చుట్టగానే అడ్డంగా పగుళ్లు. జిగురు తక్కువైతే వేలికి సుద్ద అంటుతుంది. పూత పల్చనైతే రంగు నేత వెంట పాకుతుంది. మూడూ సరిగ్గా కుదిరితే గుడ్డను చుట్టినా విప్పినా చప్పుడు రాదు, తోలులా వంగుతుంది. తర్వాత కుంచెతోనే నేరుగా గీత, వెనక ఎరుపు, గళ్లకు మధ్య పూల అంచు.

గంజి, చింతగింజ రెండూ పురుగుకు మేతే. పాత పటాల్లో అంచుల రంధ్రాలు దాని పనే. నిల్వ చేయాలంటే కనీసం నాలుగంగుళాల వ్యాసం ఉన్న గొట్టానికి, బొమ్మ బయటివైపు ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి పెచ్చులు లేస్తుంది. మధ్యలో ఆమ్లం లేని పల్చని కాగితం వేయాలి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, తేమ పట్టి బూజు వస్తుంది.

పాడైన పటాన్ని పూజ చేసి నీళ్లలో నిమజ్జనం చేయడం కథకుల ఆనవాయితీ. పాత పటాలు తక్కువ మిగలడానికి అదొక కారణం. ఎవరైనా అలా చేస్తామంటే ఆపమని చెప్పే హక్కు మనకు లేదు. అడిగి, ముందుగా ఫొటోలు తీసుకోవడం ఒక్కటే మన పని.

నూలుపోగు

రేకులను కదపడం లేదు, గుంట అట్టలు చేయిస్తున్నాం. రెండు కొత్త ప్రశ్నలు. ఈ విడి సెట్టు నిజంగా పాతదేనా అని ఎలా పరీక్షించాలి? రెండోది, కులాల పేర్లలో ఇవాళ తిట్టుగా వినిపించేవి ఉన్నాయి. శీర్షికలో పెట్టాలా?

అభ్రకం_రేకు

పరీక్షలు తేలిక నుంచి కష్టానికి చెబుతా. పది రెట్ల భూతద్దంతో చూడండి. రంగు చిన్న చిన్న చుక్కల వరుసలుగా ఉంటే అది అచ్చు, చేత్తో వేసింది కాదు. అట్ట కాగితాన్ని వెలుగుకు పట్టగలిగితే నీటిగుర్తు (తయారీలోనే కాగితంలో పడే వాటర్‌మార్క్) వెతకండి. తంజావూరు కాగితపు బొమ్మల్లో ఇంగ్లండు కంపెనీల గుర్తు, ఒక్కోసారి సంవత్సరం కూడా ఉంటుంది. అందులో 1820 అని ఉంటే బొమ్మ అంతకుముందుది కాదు అని మాత్రమే అర్థం, 1820లో వేసిందని కాదు.

తర్వాత రంగులు. పాత తెలుపు సీసంది అయితే గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. తలపాగా బూడిదరంగులోకి మారిందంటే కంగారొద్దు, వయసుకు అదొక గుర్తు. తెలుపులో టైటానియం తేలితే ఆ పూత 1920 ప్రాంతం తర్వాతది. బొమ్మను తాకకుండా ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రంతో (రంగులో ఏ మూలకాలున్నాయో అది చెబుతుంది) తేల్చవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: తర్వాత ఎవరో మరమ్మతు చేసిన చోట టైటానియం దొరికి, మిగతా బొమ్మ అసలైనదే కావచ్చు. కనీసం ఐదారు చోట్ల కొలవాలి. పసుపు అల్ట్రావయొలెట్ దీపం కింద మెరిస్తే గోమూత్రంతో చేసిన పాత పసుపు, అంటే ప్యూరీ అయ్యుండొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని తయారీ ఆగిపోయింది. పసుపులో ఆర్సెనిక్ తేలితే అది హరిదళం, విషం. రాలిన పొడిని వట్టిచేత్తో ముట్టకండి.

పనిముట్టు

పేర్ల సంగతి. మూల శీర్షికను చెరిపేయడం తప్పు, దాన్నే మన శీర్షికగా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. మూడు గడులు పెట్టుకోండి. "ఆల్బంలో ఉన్న పేరు" అనే గడిలో ఉన్నది ఉన్నట్టు, కొటేషన్లలో. "ఇప్పుడు ఆ సమాజం వాడుకునే పేరు" రెండోది. "బొమ్మలో కనిపించే పని" మూడోది. వెతికేవాళ్లకు పైన కనబడేది మూడోది. తమిళ కులాన్ని తెలుగు కులంతో సమానం చేయకండి. వృత్తి ఒకటైనంత మాత్రాన కులం ఒకటి కాదు, అక్కడి కల్లుగీత సమాజం ఇక్కడి గౌడులు కారు.

72 అనే అంకెకూ లొంగకండి. మన పల్లెల లెక్క పన్నిద్దరు ఆయగాండ్లు (పంటలో వాటా తీసుకుని ఊరికి పనిచేసేవాళ్లు), ఆ పన్నెండు మందిలో ఎవరెవరన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది. ఆల్బం ఎన్ని పుటలు ఉంటే అన్ని కులాలు కావు.

సుద్దమట్టి

ఇంకొక మాట, పటంకథ గారి పోలికకు. ఇవాళ చేర్యాలలో ఎక్కువ అమ్ముడయ్యేవి చిన్న చట్రాలు: కల్లుగీత, మగ్గం, బతుకమ్మ, నాగలి. కథకులు పటాలు వేయించుకోవడం తగ్గింది, కొనేది ఇంటి గోడకు వేలాడదీసేవాళ్లు. కొనేవాడు మారగానే కథ పోయి వృత్తి ఒక్కటే మిగిలింది. రెండువందల ఏళ్ల క్రితం తంజావూరులో జరిగింది ఇదే. పీఠికలో ఈ రెంటినీ కలిపి రాయండి, చదివేవాళ్లకు కంపెనీ బొమ్మ ఎక్కడో దూరపు వస్తువుగా అనిపించదు. నకాశీల బతుకు ఆ చిన్న చట్రాల మీదే నడుస్తోంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ కథ మొత్తం ఉన్న పటం ఒక్కటైనా వేయించుకునే గ్రంథాలయాలు, సంఘాలు ఉండాలి. పద్మశాలి సంఘాలు, గౌడ సంఘాలు ముందుకు వస్తే ఇది జరిగే పనే.

కుంచెపుల్ల

అభ్రకం మీద కొత్తగా వేసి చూడాలనుకునేవాళ్లకు ఎవరైనా కొలతలు చెబుతారా? బడి పిల్లలకు చేయించే ఆలోచన ఉంది.

అభ్రకం_రేకు

చెబుతా. రేకును అంచు దగ్గర సన్నటి సూదితో మెల్లగా విడదీయండి, 0.1 మిల్లీమీటర్ దగ్గర ఆపండి. మరీ పల్చనైతే రంగు ఆరేటప్పుడు వంగుతుంది. పొడి పీల్చకూడదు, పిల్లల చేత విడదీయించకండి, మీరే మాస్కు కట్టుకుని చేయండి. వేలిముద్ర నూనె ఉంటే రంగు ముద్దలు కడుతుంది. ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి, ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోవాలి.

తుమ్మబంక ఒక వంతు, వేడినీళ్లు రెండు వంతులు, రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టండి. రంగుపొడికి సమానంగా ఈ నీళ్లు కలిపి నూరండి, పది చెంచాలకు రెండు చుక్కల తేనె. బంక ఎక్కువైతే ఆరాక అద్దంలా పగులుతుంది, తక్కువైతే వేలికి అంటుతుంది. ముందు పనికిరాని ముక్క మీద పూసి, ఆరాక రేకును కొద్దిగా వంచి చూడండి. రంగు లేవకపోతే పాళ్లు కుదిరినట్టే. మాదిరి గీతను కింద పెట్టి, ముందు పల్చని రంగులు, చివర్లో తెలుపు, నగలు. ఒక పూత ఆరకుండా రెండోది వేస్తే కుంచెతో పాటు మొదటిదీ లేచి వస్తుంది. కాగితం మీద అలవాటైన చేయి ఇక్కడే తడబడుతుంది, కాబట్టి పిల్లలకు పూతకూ పూతకూ మధ్య అరగంట విరామం ముందే పెట్టండి.